బియ్యపుగింజంత సందు

ఇప్పుడు మా అమ్మాయి పలకలాంటి ఆ పరికరం మీద వేలితో ఓ గుండ్రం చుట్టి, మధ్యలో ఓసారి తాకిందంటే చాలు, రంగు దానంతటదే నాలుగువైపులా పారి గీత దగ్గరికొచ్చి బుద్ధిగా ఆగిపోతుంది. అది చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోదు సరికదా, రెండో చేత్తో చిప్స్ తింటూ ఉంటుంది. ఆశ్చర్యపోయేది నేనే. ఆ రోజుల్లో, అంటే కంప్యూటరు తెర ఓ చిన్న బీరువా అంత ఉండి, మౌసు పొట్టలో గోళీ దొర్లుతూ ఉండే రోజుల్లో, ఓ గీతలో రంగు నింపలేక నేను పడ్డ పాట్లకి నా ఉద్యోగం, నా పెళ్ళి, మా బావ పరువు మూడూ కలిసి ఒకే కొక్కేనికి వేలాడాయంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. (మా ఆవిడ నమ్ముతుంది. నమ్మడమే కాదు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఆవిడ నోట వినేకంటే నా నోట వింటే కాస్త మర్యాదగా ఉంటుందని నా ఈ ప్రయత్నం.)

నేను కోనసీమలో బోర్డులు రాసే కుర్రాణ్ణి. ఎరువుల కొట్లు, సోడా బళ్ళు, పెళ్ళి లైటింగు వాళ్ళ పెట్టెలు, దేని మీద ఖాళీ కనిపిస్తే దాని మీద రాసేవాణ్ణి. నాకు కుంచె పట్టించిన గురువుగారికి రెండు వ్యసనాలు. ఒకటి చుట్ట, రెండోది సందు. చుట్ట సంగతి అందరికీ తెలిసిందే. సందు సంగతి ఏమిటంటే, అక్షరమైనా బొమ్మైనా చుట్టూ గీత గీసేటప్పుడు మొదలెట్టిన చోటికి వచ్చి అతికించకూడదు, బియ్యపుగింజంత ఎడం వదలాలి. తడి గీత తడి గీతని తాకితే అక్కడ రంగు ముద్దకట్టి బొడిపె లేస్తుందనీ, సందు వదిలితే తర్వాత లోపల రంగు పూసేటప్పుడు కుంచే ఆ కాస్తా కలుపుకుపోతుందనీ ఆయన సిద్ధాంతం. అంత వివరంగా ఆయన ఏనాడూ చెప్పలేదనుకోండి. "గీత మూసేస్తే బొమ్మకి ఊపిరాడదురా సన్నాసీ!" అని నెత్తి మీద మొట్టేవారు. ఆ మొట్టికాయలు తిని తిని చివరికి నా చెయ్యి ఎలా తయారైందంటే, సున్నా చుట్టమన్నా చివర్లో దానంతటదే ఆగిపోయేది. తపాలా ఆఫీసులో సంతకం పెడితే అక్కడి గుమస్తా "బాబూ, పూర్తి చెయ్యండి" అనేవాడు.

మా బావ, అంటే మా మేనమామ కొడుకు, అప్పటికే కువైట్‌లో ఓ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి యజమానురాలిని అక్కడ అందరూ పిలిచినట్టే 'మామా' అనేవాడు. (ఆవిణ్ణీ మా మామయ్యనీ కలిపేసుకోకండి. ఈ కథలో ఇద్దరూ ఉన్నారు, ఇద్దరికీ నేను సమానంగానే భయపడ్డాను.) ఆ మామా తమ్ముడికి అక్కడి కార్ఖానాల పేట సబ్హాన్‌లో బోర్డులూ స్టిక్కర్లూ తయారుచేసే షాపు ఉంది. అందులో కంప్యూటర్ మీద బొమ్మలు వేసే ఫిలిప్పీన్స్ అతను మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ సంగతి వినగానే బావ స్టీరింగ్ పట్టుకునే చెప్పేశాడట, "మావాడు ఉన్నాడు మామా, వాడు బొమ్మేస్తే లేచి నడుస్తుంది" అని. కంప్యూటర్ వచ్చునా అని ఆవిడ అడిగితే "మంచినీళ్ళే" అన్నాడట. నాకేమో అమలాపురంలో ఓ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్‌ని లేపడం, పడుకోబెట్టడం, మధ్యలో గుండ్రాలూ చతురస్రాలూ గీయడం వరకే వచ్చు. అయినా బావ మాట మీద వీసా వచ్చేసింది.

బయల్దేరే ముందు మామయ్య నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన కూతురు, నా మరదలు, తలుపు పక్కనే నిలబడి వింటోందని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. "ఒరే అబ్బాయ్, విమానం ఎక్కినోళ్ళందరూ కువైట్‌లో ఉన్నట్టు కాదు. పాస్‌పోర్టులో ఇఖామా ముద్ర పడాల. అది పడితేనే అక్కడ ఉండనిచ్చినట్టు. లేదంటే చుట్టం చూపుకి ఎల్లొచ్చినట్టే. ముద్ర పడిందని మావోడు ఫోన్ చేసిన రోజునే ముహూర్తం పెట్టిస్తా" అన్నాడు. తలుపు పక్కన గాజులు చప్పుడయ్యాయి. అది సరే అన్నట్టా, త్వరగా అన్నట్టా అని విమానంలో దారి పొడుగునా ఆలోచించాను.

సబ్హాన్‌లో మా షాపుకి ఒకపక్క ఇనుప గేట్లు చేసేవాళ్ళు, ఇంకోపక్క ఏసీలు విప్పేవాళ్ళు. మధ్యలో మేం. షాపుని నడిపేది ఓ ఈజిప్టాయన. మేనేజర్ కనక అందరం ముదీర్ అనేవాళ్ళం. ఎండ మండిపోతున్నా టై విప్పేవాడు కాదు. ఆయన భాష అరబ్బీ, ఇంగ్లీషు, హిందీ కలిపి వండిన పులగం. (ఆ పులగాన్ని ఉన్నదున్నట్టు వడ్డిస్తే మీకు అరగదు, అందుకని ముప్పాతిక వంతు తెలుగు చేసి చెబుతున్నాను.) స్టిక్కర్లు కోసే యంత్రం మీద కడప ఆయన ఒకడుండేవాడు. పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు, అందరికీ కడపన్నే. యంత్రం కోసిన ప్లాస్టిక్ రేకులోంచి పనికిరాని భాగం పీకి పారేసి, అసలు అక్షరాలు మిగల్చడం ఆయన పని. తన ఉద్యోగం గురించి ఎవరడిగినా "పీకుతాండా" అని ఒక్క ముక్కలో చెప్పేవాడు.

నాకు వచ్చిన మొదటి పని ఓ చేపల హోటల్ బోర్డు. చేపని గీశాను. మౌసుతో గీయడం అలవాటయ్యే సరికి మెడ పట్టేసింది గానీ, చేప మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఎర్ర రంగు మీద నొక్కాను. ఏమీ అవలేదు. మళ్ళీ నొక్కాను. చేప ఎర్రబడలేదు, నా మొహం ఎర్రబడింది. ఎరుపు అయిపోయిందేమోనని నీలం నొక్కాను, పసుపు నొక్కాను. తెర మీద చేప ఎముకలగూడులా అలాగే చూస్తోంది. కడపన్న దగ్గరికెళ్ళి, దీంట్లో రంగు మనమే పోయాలా అన్నా అని నెమ్మదిగా అడిగాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, "నన్నడుగుతావేందప్పా? నేను పీకేవాణ్ణి. పోసేవాణ్ణి గాదు" అన్నాడు.

అసలు సంగతి ఇప్పుడు తెలుసు కాబట్టి చెబుతున్నాను. ఆ బొమ్మల ప్రోగ్రామ్‌కి ఒకటే పట్టుదల. గీత బయల్దేరిన చోటికే తిరిగొచ్చి అతుక్కుంటే దాని లెక్కలో అది బొమ్మ. అతుక్కోకపోతే అది దారం ముక్క. దారం ముక్కలో రంగు ఎక్కడ పోస్తాం, చిల్లికుండలో నీళ్ళు పోసినట్టు! నా చెయ్యేమో గురువుగారి మొట్టికాయల పుణ్యమా అని ప్రతి గీత చివరా బియ్యపుగింజ దూరంలో ఆగిపోతోంది. తెర మీద చూస్తే అతికినట్టే ఉంటుంది, బాగా పెద్దది చేసి చూస్తేగానీ కనబడదు. పెద్దది చేసి చూడాలన్న బుద్ధి నాకు ఎందుకు పుడుతుంది? నేను గీసింది తప్పై ఉండవచ్చనే అనుమానమే నాకు లేదు.

అలాగని ఊరుకున్నానా? గుండ్రాలూ చతురస్రాలూ ఆ ప్రోగ్రామ్‌లో రెడీమేడ్‌గా దొరుకుతాయి, అవి రంగు పుచ్చుకునేవి. ఇంకేం, రంగు గుండ్రాలు చిన్నవీ పెద్దవీ తెచ్చి చేప గీత కింద ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోయాను. మా అమ్మమ్మ పాత చీరలతో బొంత కుట్టినట్టు చేప ఒళ్ళంతా అతుకులే. అచ్చు వేస్తే బోర్డు దూరానికి బాగానే కనబడింది. పైగా చేపకి పొలుసులు భలే వేశావని హోటల్ వాడు మెచ్చుకున్నాడు. ముదీర్ మాత్రం వాచీ చూసుకుని, "ఈ చేపని సముద్రంలో పట్టినా ఇంతసేపు పట్టదు" అన్నాడు. పళ్ళ డాక్టర్ బోర్డుకి పన్నూ, మంగలి షాపుకి కత్తెరా అన్నీ అలా అతుకుల మీదే లాక్కొచ్చాను. ఇఖామా ఊసెత్తితే ముదీర్ "బుక్రా" అనేవాడు. బుక్రా అంటే రేపు. అక్కడ రేపు అనే మాటకి గడువు లేదని నాకు అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ కునుకు తీస్తుంటే నేను తెర మూలన బొటనవేలంత మరదలి బొమ్మ వేసుకునేవాణ్ణి. పక్కకి తిరిగిన మొహం, జడ, చెవికి బుట్ట. నుదుటి దగ్గర మొదలెట్టి ముక్కు, పెదవులు, కిందికి దిగి... అక్కడ ఓ గీత ఆగింది, మెడ దగ్గర ఇంకో గీత మొదలైంది. మధ్యలో గురువుగారి సందు. కాగితం నిండా పెద్దదిగా అచ్చు తీసేసరికి ఆ సందూ దాంతోపాటే పెరిగింది. గురువారం సాయంత్రం నన్ను ఫర్వానియా పేటలోని గదికి తీసుకెళ్ళడానికి వచ్చిన బావ ఆ కాగితం చూశాడు. చెల్లెలి బొమ్మ చూసి అన్నగారు ఏమంటాడో! బావ కాగితాన్ని దగ్గర పెట్టి చూశాడు, దూరం పెట్టి చూశాడు.

"తస్సాదియ్యా, బానే ఉందిరా. అంతా బానే ఉంది గానీ, మా చెల్లికి గడ్డం ఏదిరా?"

"ఉంది బావా, అది... ఊహించుకోవాలి."

"ఊహించుకోడానికి మా నాన్న ఒప్పుకోడ్రా. పిల్లకి గడ్డం లేదని వేసినోడికి పిల్లనెలా ఇస్తాడు? ముందు ఆ గడ్డం పెట్టి చావు" అన్నాడు. అంటూనే ఆ కాగితం మడిచి, ఊరికి వెళ్ళే ఓ ఆయన చేత చెల్లెలికి పంపించేశాడు. నేను పెట్టక ముందే.

ఇలా ఉండగా ఒకరోజు ఆ ప్రోగ్రామ్ లోపలి అరలన్నీ ఊరికే తెరిచి చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో అట్టడుగున ఓ చిన్న ఖాళీ గడి, దాని పక్కన ఇంగ్లీషులో 'ఫిల్ ఓపెన్ కర్వ్స్' అని ఉంది. తెరిచి ఉన్న గీతల్లోనూ రంగు నింపమంటారా అని అడుగుతోంది పాపం. నింపక! టిక్కు పెట్టాను. అంతే, చేప భళ్ళున ఎర్రబడింది. కుర్చీలోంచి ఎగిరి కడపన్న భుజాలు పట్టుకుని ఊపేశాను. పన్ను తెల్లబడింది, కత్తెర నల్లబడింది. మరదలి బొమ్మ తెరిచి మొహానికి రంగు నొక్కితే మాత్రం, పై కొసకీ కింది కొసకీ మధ్య గీత లేదు కాబట్టి, ఆ ప్రోగ్రామ్ తన తెలివితో నుదురు నుంచి పెదవుల కిందికి నిలువునా ఓ గోడ కట్టినట్టు రంగు పోసేసింది. పుచ్చకాయ ముక్క తయారైంది. "మొన్న గడ్డమే లేదు, ఇవాళ దవడలు కూడా పీకేశావేంట్రా" అన్నాడు అటుగా వచ్చిన బావ. నేను పట్టించుకోలేదు. పక్కనున్న బఖాలా అనే చిల్లర కొట్టునుంచి సమోసాలూ మజ్జిగ పొట్లాలూ తెప్పించి షాపంతా పంచాను. "ఏమప్పా, పెండ్లి కుదిర్యా?" అన్నాడు కడపన్న. అంతకన్నా పెద్దదే అన్నాను. ఆ గడిలో పెట్టిన టిక్కు నా పెళ్ళికి పెట్టిన బొట్టు అనే నేను నిజంగా అనుకున్నాను.

నా పని ఒక్కసారిగా పరుగందుకుంది. ముదీర్ మొహంలో మొదటిసారి పళ్ళు కనిపించాయి. సరిగ్గా అప్పుడే మామా మిఠాయిల కొట్టు తెరుస్తున్నట్టు కబురొచ్చింది. ఇంటింటికీ మిఠాయిలు మోసే గోధుమరంగు వ్యాన్లు కొన్నారట. వాటి మీద బంగారు రంగు స్టిక్కర్లు కావాలి. అరబ్బుల కాఫీ కూజా, దాని కొంగమూతిలోంచి లేచే పొగ మెలికలు, పళ్ళెంలో ఖర్జూరాలు. ముదీర్ నన్ను పిలిచి, "ఇది బాగా వస్తే మర్నాడే నీ పాస్‌పోర్టు ఇఖామాకి పంపిస్తాను. రాకపోతే ఖలాస్" అని మెడ మీద అడ్డంగా వేలు గీసి చూపించాడు. (ఆ గీత మాత్రం ఈ చెవి నుంచి ఆ చెవిదాకా సందు లేకుండా గీశాడు.) బావ కూడా వేడుకున్నాడు, "ఒరే, రోజూ ఆవిడ మొహం చూసి బతకాలిరా నేను. నా నోట్లో మట్టి కొట్టకు." వాడి ఉద్యోగమూ నా బొమ్మ మీద కూర్చుందని అప్పుడు తెలిసి, నాకు రాత్రి అన్నం సయించలేదు.

ప్రాణం పెట్టి గీశాను. ఆ కూజా పొట్ట, ఆ మూతి వంపు, పొగ మెలికలు, ఒక్కో ఖర్జూరం మీద ముడతలు, అన్నీ నా చేతి గీతలే. కాగితం మీద అచ్చు తీసి పంపితే మామా చూసి "జేన్, జేన్" అందట. బాగుంది, బాగుంది అని. అది వినగానే బావ ఆగలేక మామయ్యకి ఫోన్ కొట్టి "ముద్ర పడినట్టే నాన్నా" అనేశాడు. మామయ్య ఆ పూటే పంచాంగం వాళ్ళింటికి వెళ్ళొచ్చాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా ఇంట్లోవాళ్ళని చూసి పుట్టిందే.

కొట్టు ప్రారంభానికి ముందు రోజు బంగారు రేకు చుట్ట యంత్రానికి ఎక్కించాం. అప్పటిదాకా నేను చేత్తో గీసినవన్నీ అచ్చుకి వెళ్ళేవే, కోత యంత్రానికి వెళ్ళినవి తయారుగా దొరికే అక్షరాలు మాత్రమే. నా సొంత గీత కత్తి కిందికి వెళ్ళడం అదే మొదలు. కత్తి పైనున్న రేకుని కోసి, కింది కాగితాన్ని కొయ్యకుండా వదులుతుంది. కూజాలన్నీ చకచకా కోసేసింది. వ్యాన్లు వాకిట్లో వరసగా నిలబడ్డాయి, ఒకదాన్ని నడుపుకుంటూ వచ్చిన బావ టీ తాగుతున్నాడు. కడపన్న రేకు బల్ల మీద పరిచి, ఓ మూల గోటితో లేపి, పీకడం మొదలెట్టాడు.

"ఏందప్పా ఇది! పక్కనుండే తుక్కు పీకుతాంటే కూజా గూడా ఎంబడే వస్తాంది!"

సగం లేచిన కూజా ఆయన చేతిలో వేలాడుతోంది. దాన్ని మెల్లిగా మళ్ళీ పడుకోబెట్టి ఖర్జూరం దగ్గర పీకాడు. ఖర్జూరం వచ్చేసింది. పొగ దగ్గర పీకాడు. పొగ సాగి చిరగబోయింది. "కత్తి మొండిబారిండాది" అని కత్తి మార్చి, ఓ మూల మిగిలిన చిన్న ముక్క మీద ఒక్క ఖర్జూరం కోయించాడు. నేను యంత్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళప్పగించి చూశాను. కత్తి ఖర్జూరం చుట్టూ అందంగా తిరిగింది, వంపు తీసుకుంది, బయల్దేరిన చోటికి వస్తోంది, వస్తోంది... ఇంకా కాస్త ఉందనగా టక్కున పైకి లేచిపోయింది.

ఆ ఆగడం నాకు బాగా తెలుసు. ఆ ఎడమూ తెలుసు. చుట్ట కంపుతో సహా తెలుసు. గోదావరి దాటి, సముద్రం దాటి గురువుగారి బియ్యపుగింజ సబ్హాన్ దాకా నా వెంటే వచ్చింది. టిక్కు పెట్టి నేను కంప్యూటర్ నోరు మూయించానే గానీ, నా గీత నోరు మూయలేదు. తెరకి రంగు కనిపిస్తుంది, కత్తికి గీత తప్ప ఇంకేమీ కనిపించదు. గీత ఎక్కడ ఆగితే కత్తీ అక్కడే ఆగింది. ప్రతి కూజాకీ, ప్రతి ఖర్జూరానికీ, ప్రతి పొగ మెలికకీ ఓ చోట రేకు తెగకుండా తుక్కుకి అతుక్కునే ఉంది. మళ్ళీ కోద్దామంటే బంగారు రేకు అదొక్క చుట్టే. పై వారం గానీ ఇంకోటి రాదు. మామయ్య పంచాంగం వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నట్టు నా కళ్ళకి కట్టింది. ఏడుపు తన్నుకొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది, రెంటినీ కలిపి దగ్గాను.

ముదీర్ వచ్చాడు. "లేష్?" అన్నాడు. ఎందుకిలా అని. నేను చిటికెన వేలి గోటితో సందు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి దాన్ని చూశాడు, తలెత్తి నన్ను చూశాడు.

"ఈ చిల్లు ఎవరు పెట్టారు?"

"మా గురువుగారు."

"ఎక్కడున్నాడు?"

"ఇండియాలో."

"పిలువు" అన్నాడు ముదీర్.

ఆయన్ని పిలవడం ఎలాగూ కుదరదు కాబట్టి బ్లేళ్ళు తెచ్చుకుని కూర్చున్నాం. రేకంతా నేల మీద పరిచి, ఎక్కడెక్కడ గీత ఆగిందో వెతికి, అక్కడ బ్లేడుతో కోసి కలపాలి. బంగారు రేకు మీద కోత మామూలుగా చూస్తే కనబడదు, తల వాల్చి వెలుతురికి ఏటవాలుగా చూడాలి. ముగ్గురం బోర్లా పడుకుని, తలలు ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పుతూ, అరుగు మీద ఆడవాళ్ళు పేలు చూసుకున్నట్టు చూశాం. "ఈడొకటి!" అని కడపన్న, "దొరికింది!" అని నేను. ముదీర్ కాసేపు నిలబడి విసుక్కున్నాడు, తర్వాత గొంతుక్కూర్చున్నాడు, ఆ తర్వాత నేనెన్నడూ చూడని పని చేశాడు, టై విప్పాడు. తనకి దొరికినప్పుడల్లా ఒకటి అన్నట్టు "వాహద్!" అని అరుస్తూ, కడపన్నకి ఎక్కువ దొరుకుతున్నాయని ఉడుక్కుని ఆయన పక్కకి పాక్కుంటూ వెళ్ళి వెతికేవాడు. బావ జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. మామా అవతలనుంచి వ్యాన్లెక్కడ అని అరుస్తుంటే, వాడు నేల మీద బోర్లా పడుకునే "దారిలో ఉన్నాం మామా" అంటున్నాడు.

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి, "ఒరే, మా చెల్లి గడ్డంతో పోయిందనుకున్నా కదరా! ఊరందరి గడ్డాలూ ఎగ్గొట్టావేంట్రా?" అన్నాడు. కడపన్నకి ఆ గడ్డం కథేంటో కావలసొచ్చింది. బావ చెప్పాడు. హిందీలో ముదీర్‌కీ చెప్పాడు. ముదీర్ బ్లేడు పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నా బతుకు ఆరిపోతుంటే వీళ్ళకి నవ్వులెలా వస్తున్నాయా అని నాకు మాత్రం ఒళ్ళు మండింది.

పొద్దు వాలేసరికి స్టిక్కర్లన్నీ వ్యాన్ల మీదికి ఎక్కాయి. చివరి వ్యాను మీద ఒక్క పొగ మెలిక చిరిగిపోయింది. కడపన్న దాన్నేం చెయ్యాలా అని తల గోక్కుంటుంటే, "పోన్లే, ఈ బండిలో కాఫీ చల్లారిపోయింది" అని బావ తాళం తిప్పాడు. మామా చూసింది, మెచ్చుకుంది, పొగ సంగతి గమనించలేదు. కొట్టు తెరుచుకుంది.

శనివారం పొద్దున ముదీర్ పిలిచాడు. బల్ల మీద నా పాస్‌పోర్టు ఉంది. ఖలాస్ అనుకున్నాను. ఆయన కంప్యూటర్ తెర నావైపు తిప్పాడు. నా చేప ఉంది. పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు, తోక దగ్గర సందు. పన్ను తెరిచాడు, సందు. కత్తెర తెరిచాడు, రెండు సందులు. నేను షాపులో అడుగుపెట్టిన రోజునుంచి గీసినవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. ఒక్కటీ నోరు మూసుకుని లేదు.

"వీళ్ళంతా రేపు వచ్చి ఇవే బొమ్మలు స్టిక్కర్లు కొయ్యమంటారు. అవునా?"

"అవును సార్."

"కొత్తవాణ్ణి పెడితే ఏ చిల్లు ఎక్కడుందో వాడికేం తెలుసు? పెట్టినవాడివి నువ్వు. నీకు తెలుసు. అన్నీ పూడ్చు. అన్నీ పూడ్చేదాకా నువ్వు ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు" అని, కాగితాల పనులు చూసే మనిషిని కేకేసి నా పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టి, "ఇఖామా, యల్లా!" అని తొందరపెట్టాడు.

పనితనం చూసి ఉద్యోగం ఇచ్చినవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉంటారు. పని చెడగొట్టినందుకు నిలబెట్టిన మహానుభావుణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. బయటికొచ్చి ఏసీల షాపు గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. జీవితంలో అంత సంతోషం నాకు మళ్ళీ మా అమ్మాయి పుట్టినప్పుడే కలిగింది.

ముద్ర పడిందని బావ మామయ్యకి ఫోన్ చేశాడు. ఎందుకు పడిందో మాత్రం చెప్పలేదు, వాణ్ణి దేవుడు చల్లగా చూడాలి. చెల్లెలికి మాత్రం సమస్తం పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఆ సంగతి నాకు సెలవు మీద ఊరొచ్చి కూర్చున్న పెళ్ళిపీటల మీద తెలిసింది. అడ్డుతెర దించగానే తల వంచుకుని కూర్చోవలసిన పెళ్ళికూతురు, గడ్డం పైకెత్తి, ఇటూ అటూ ఒకసారి తిప్పి చూపించి, అప్పుడు వంచుకుంది. వెనకాల బావ కండువా నోట్లో కుక్కుకున్నాడు. సెలవయ్యాక వెళ్ళేముందు గురువుగారికి దణ్ణం పెట్టుకుందామని వెళ్ళి జరిగిందంతా చెబితే, ఆయన చుట్ట నోట్లోంచి తీసి, "నేను సందు వదలమన్నది కుంచెకిరా. కత్తికి ఎవడు వదలమన్నాడు?" అని, పెళ్ళికొడుకునని కూడా చూడకుండా ఓ మొట్టికాయ వేశారు.

ఆ సందులన్నీ పూడ్చేశాను. పూడ్చడం పూర్తయ్యేసరికి ముదీర్ ఆ సంగతే మర్చిపోయాడు, నేనూ గుర్తుచెయ్యలేదు. తర్వాత ఆయన తన ఊరు వెళ్ళిపోయాడు, కడపన్న తన ఊరు వెళ్ళిపోయాడు, బావ కూడా ఈమధ్యే స్టీరింగ్ వదిలి ఊళ్ళో కొబ్బరికాయలు లెక్కపెట్టుకుంటున్నాడు. మేం మాత్రం ఇక్కడే ఫర్వానియాలో ఉన్నాం. ఆనాటి మరదలి బొమ్మ ఫ్రేము కట్టి మా హాల్లో తగిలించి ఉంది. గడ్డం లేకుండానే. వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు, ఆవిడ చెబుతుంది, నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళతాను.

మొన్న శుక్రవారం పాత డిస్కుల్లోంచి ఆ బొమ్మ ఫైలు మా అమ్మాయి ఎలాగో బయటికి తీసింది. నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. రెండు కొసలనీ పట్టుకుని ఒక్కసారి నొక్కితే కలిసిపోతుందట, ఇప్పుడంత సుళువట. కళ్ళజోడు సర్దుకుని చూశాను. పెదవుల కింద ఆగిపోయిన గీత, మెడ దగ్గర మొదలైన గీత. ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి. మరదల్ని తలుచుకుంటూ మెడ పట్టేసేలా వంగి కూర్చున్న ఆ కుర్రాడు, వాడి గుండె దడ, తను గీసిందాంట్లో తప్పుండదన్న వాడి వెర్రి ధీమా, అన్నీ ఆ ఎడంలోనే ఉన్నట్టనిపించి నవ్వొచ్చింది, కాస్త దిగులూ వేసింది. మా ఆవిడ వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది.

"ఇవాళైనా కలుపుతారా? ఇన్నేళ్ళైంది. నా గడ్డం నాకు పెట్టేదాకా మీరు ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు, ముందే చెబుతున్నా."

మౌసు మీంచి వేలు తీసేశాను. "బుక్రా చూద్దాంలే" అని కంప్యూటర్ కట్టేశాను.